చదివిన గుర్తులు

మా ముత్తాత హుజూర్‌నగర్ వైపు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత పోలీసు పటేల్. ఆయన ముందు ఎవరూ కుర్చీలో కూర్చునేవారు కాదు. తొంభైల చివర నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో కంప్యూటర్లు చూసుకునే జీతగాణ్ని.

మిల్లుకు వచ్చే ఈమెయిళ్లన్నీ సర్వర్‌లో ఒకే పెద్ద ఫైల్లో పేరుకుపోయేవి. ఆ ఫైలు తెరుచుకోవడమే కష్టమయ్యేసరికి, దాన్ని ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఫైలుగా మార్చాల్సి వచ్చింది. బియ్యం ఆర్డర్లూ వాటిలోనే వచ్చేవి; లోడు పంపేసిన ఆర్డర్ ఉత్తరానికి మా గుమస్తా చదివినట్టు గుర్తు పెట్టేవాడు. గుర్తు లేదంటే సరుకు ఇంకా పంపలేదని అర్థం.

"ఆ గుర్తులు గూడ కొత్త ఫైళ్లల్లకు తేవాలె సేట్, రెండు రోజులు పడ్తది" అన్నాను.

"ఉత్తరాలొస్తే సాలు, గుర్తులెందుకయ్యా?" అని యజమాని తన బామ్మర్దిని కూర్చోబెట్టి సాయంత్రానికల్లా మార్పించాడు.

మర్నాడు పాత ఉత్తరాలన్నీ చదవనివైపోయాయి. గుమస్తా వాటిని నమ్మి, కోదాడ వ్యాపారికి కిందటి నెల పంపిన బియ్యాన్నే మళ్లీ పంపాడు. ఆ వ్యాపారి తిట్టి లారీని వెనక్కి తిప్పాడు.

యజమాని హమాలీలందరి ముందు నన్ను పిలిచాడు. "ఏం దొరా, ఏం పని గిది? కోదాడ పోయి మాఫీ అడుగు."

"చేసింది మీ బామ్మర్ది. ఆయన్నే పంపుండ్రి."

"ఆయనెందుకు పోతడు? నువ్వు పోకుంటే రేపట్నుంచి రాకు."

నేను పోలేదు. చేయని తప్పుకు తల వంచమన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మళ్లీ ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే సూర్యాపేటలో మాకు మిగిలిన ఒక్క ఇంటిస్థలం అమ్మేశాం.