స్వదేశానికి తిరిగొచ్చిన అమ్మడు

అమ్మడు రంగూన్‌లో పుట్టింది, అక్కడే పెళ్లాడింది, నడివయసు దాకా అక్కడే బతికింది. 1964లో బర్మా ప్రభుత్వం కొట్లన్నీ స్వాధీనం చేసుకున్నాక, భర్త గంగులుతో ఓడెక్కి అతని సొంతూరు కోటబొమ్మాళి చేరింది. సర్కారువారు ఆమె కాగితాల మీద 'స్వదేశానికి తిరిగి వచ్చిన వ్యక్తి' అని రాశారు. అంతకుముందు ఎన్నడూ చూడని ఊరికి తిరిగి రావడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రంగూన్ లుంగీలు, గొడుగులు పంపినన్నాళ్లూ ఆడపడుచు జగ్గమ్మకు వదినంటే ప్రాణం. వట్టిచేతులతో దిగిన వదినకు పశువులసాలలో చోటిచ్చింది. ప్రేమ పట్టలేక గడ్డి కూడా తానే పరిచింది.

రెండేళ్లు ఓర్చుకుని అమ్మడు ఒకనాడు భర్తతో చెప్పింది.

"నాను రంగూన్ ఎల్లిపోతాను. అక్కడే ఉండిపోతానని దరకాస్తు పెడతాను."

"ఆల్లు తరిమీసినారు కదే! మల్లీ ఏ మొకం పెట్టుకుని ఎల్తావు?"

"ఆల్లు ఒక్కసారే తరిమినారు. నీ సెల్లి రోజూ తరుముతన్నాది."

దరఖాస్తు వెళ్లిందన్న కబురు ఊళ్లో పాకింది. ఆ సాయంత్రమే జగ్గమ్మ వదినను సాలలోంచి వసారాలోకి మార్చింది. భావనపాడు చందువా చేప తెప్పించి పులుసు పెట్టింది.

"ఒదినా, నానేటి అడగను. ఒక్క గొడుగు పంపు, సాలు. లుంగీలు నీ ఇష్టం."

కలకత్తాలోని బర్మావాళ్ల ఆఫీసుకు పిలుపు వచ్చింది. భర్తను వెంటబెట్టుకుని వెళ్లిన అమ్మడు అక్కడి అధికారితో బర్మా భాషలో మాట్లాడేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. టీ తెప్పించాడు. రంగూన్ బజారులో చేపల రుచి గుర్తుందా అని బెంగగా అడిగాడు. అంతా విన్నాక, ఆమె విదేశీయురాలు కనుక శాశ్వత నివాసానికి అనుమతి లేదన్నాడు.

"పుట్టింది అక్కడే కదయ్యా?"

"పుట్టడానికి అనుమతి అక్కర్లేదమ్మా. ఉండటానికి కావాలి."

తిరుగు రైల్లో అమ్మడు ఖుర్దా రోడ్డు దాకా ఏడ్చింది. బరంపురంలో గంగులు కొనిచ్చిన పూరీలు తింది. కోటబొమ్మాళిలో దిగాక మాత్రం ఆడపడుచు ఇంటివైపు నడవలేదు. స్టేషను బయట ఖాళీ జాగా చూసి, పొయ్యికి మూడు రాళ్లు ఏరుకుంది.

చేపల పులుసులో బియ్యప్పిండి సేమ్యా వేసి, పైన నానబెట్టిన బటానీల గారెలు చిదిమి అమ్మడం మొదలుపెట్టింది. రంగూన్‌లో దాన్ని మొహింగా అంటారు. మొదటి వారం ఊరి పెద్దమనుషులు వానపాములని ముక్కు మూసుకున్నారు. రెండో వారం ముక్కు వదిలి గిన్నె పట్టుకున్నారు. జగ్గమ్మ రోజూ వచ్చి, ఈ కొట్టు మా వదినదేనని అందరికీ చాటి, ఊరికే తిని పోయేది.

ఏడాది తిరిగాక, అనుమతులు మళ్లీ ఇస్తున్నారని ఎవరో పుకారు తెచ్చారు. గిన్నెలు కడుగుతున్న గంగులు బితుకుబితుకుమంటూ అడిగాడు.

"మరి ఎల్తావేటే?"

అమ్మడు పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

"ఎల్దును గానీ, రేపటికి బటానీలు నానబెట్టీసినాను."