అద్దం కింద చూపించిన పేరు

పన్నెండేళ్లుగా మనసులో మోస్తున్నాను. ఒక చిన్న అట్టముక్క. తూస్తే తులం కూడా తూగదు. దాని మీద నా చేత్తో నేనే రాసిన రెండు వరుసలున్నాయి. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయను. ఎందుకు రాయలేనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నాకు రచయితల ఇళ్లు చూసే పిచ్చి ఉండేది. సెలవులొస్తే చాలు, చేతిసంచీ తగిలించుకుని ఏదో ఒక ఊరి బస్సెక్కేవాణ్ణి. ఆయన కూర్చున్న కుర్చీ, ఆయన కళ్లజోడు, ఆయన మందు సీసా. చూస్తే ఏమొస్తుందని ఇంట్లో అడిగేవారు. ఏమొస్తుందో నాకూ తెలియదు. అయితే అద్దాల పెట్టెలో వస్తువు కంటే ముందు దాని పక్కనుండే అట్ట చదివేవాణ్ణి. ‘ఫలానావారు ఇచ్చినది.’ ఆ ఫలానావారంటే నాకు కుళ్లు. ఒక కథ రాయకుండా, ఒక పద్యం అల్లకుండా పెద్దాయన పక్కన చోటు కొట్టేశారని.

డెబ్భైల నడుమ మదనపల్లెలో తెలుగు మాస్టరుగా ఉన్నాను. పుంగనూరులో కథలూ నవలలూ రాసే ఒకాయన ఉండేవాడు. పోయి అప్పటికి పదేళ్లు. ఆయన ఇంటి ముందు గదిని నలుగురూ వచ్చి చూసేలా తయారుచేయాలని ఊళ్లో ఒక కమిటీ వేశారు. వస్తువులు వెతికి తెచ్చే పని నాకప్పగించారు. ఎగిరి గంతేశాను.

నెలల తరబడి తిరిగితే ఒక చేతికర్ర, ఒక మరచెంబు దొరికాయి. ఆయన ఆఖరి నవల రాతప్రతి ఏమైందో ఆ ఇంట్లోవాళ్లకే తెలియదు. అది చివరికి మదనపల్లెలోనే దొరికింది. మా బడి పుస్తకాలు బైండు చేసే ఖాదర్ బాషా దుకాణంలో, అటక మీద, పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉంది. కుట్టమని ఇచ్చిన మనిషి మళ్లీ రాలేదు. పుంగనూరాయన అని బాషాకు తెలుసు తప్ప ఇల్లు తెలియదు, పోయిన సంగతీ తెలియదు. బైండింగు పనివాళ్లకొక పట్టింపు ఉంది. ఇచ్చినవాడు రాకపోయినా, కుట్టిన పుస్తకాన్ని పొట్లాల కాగితాలకు వెయ్యరు. “కుట్టిన చేత్తోనే చించితే అన్నం పుట్టదప్పా” అనేవాడు బాషా. ఉర్దూ చదివేవాడు, తెలుగు చదవడం రాదు. తను చదవలేని పుస్తకాన్ని పదేళ్లు ఎలుకలకూ వానకూ దొరక్కుండా కాపాడాడు.

నా చేతిలో పెట్టి ఒక్కటే అడిగాడు. “ఆడ నా పేరు గూడా రాయించు సార్. కుట్టినాడు, దాసినాడు అని.”

“తప్పకుండా తాతా” అన్నాను. అన్నప్పుడు అది అబద్ధం కాదు. నమ్ముతారా?

రాతప్రతి చూసి కమిటీ వాళ్లు నన్ను చుట్టుముట్టారు. యాడ పట్టినావప్పా, ఎట్ల పట్టినావప్పా అని భుజాలు తట్టారు. వెతికిన ఊళ్లు చెప్పాను, ఎక్కిన బస్సులు చెప్పాను. ఖాదర్ బాషా పేరు మాత్రం నోటిదాకా రాలేదు. ఆ రాత్రి అట్ట మీద నేనే రాశాను: ‘ఈ రాతప్రతిని వెతికి భద్రపరచినవారు’. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. రాస్తున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయనకు తెలుగు చదవడం రాదు కదా, అనుకున్నాను.

రెండు నెలలకు ఒక ఆదివారం పొద్దున ఖాదర్ బాషా భార్యను వెంటబెట్టుకుని పుంగనూరు వచ్చాడు. ఇస్త్రీ జుబ్బా, కొత్త టోపీ. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

“యాడుండాది సార్ నా పేరు?”

అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్లాను. “ఈడే తాతా.”

“సదివి సెప్పప్పా. మా ఇంటామె ఇంటాది.”

చదివాను. ‘ఈ రాతప్రతిని కుట్టి, పదేళ్లు భద్రంగా దాచి ఇచ్చినవారు ఖాదర్ బాషా.’ అట్ట మీద లేని మాటల్ని ఒక్కచోట కూడా తడబడకుండా చదివాను. పాఠం చెప్పే నోరు కదా!

“దీంట్లో నా పేరు యాది?”

నా వేలు నా పేరు మీద పెట్టాను.

ఆవిడ కొంగుతో ఆ చోట అద్దం తుడిచింది. ఆయన జేబులోంచి పల్చటి కాగితం తీసి అద్దం మీద పరిచాడు. చెవి మీది పెన్సిలు తీసుకుని, కింద కనిపిస్తున్న అక్షరాల వెంబడి గీయడం మొదలుపెట్టాడు. “రాసేది నేర్సుకుంటా సార్. ఈ వయసులో ఏం సోకని నవ్వద్దు.” కాగితం జారుతుంటే నేనే అంచు పట్టుకున్నాను.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? తాతా, పొరపాటు జరిగింది, ఇది కాదు, వారంలో మార్పిస్తాను అంటే, ఆయన సరేనప్పా అని భార్యతో టీ తాగి బస్సెక్కి వెళ్లిపోయేవాడే, నా సొమ్మేం పోయేది కాదు అని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో. మారుద్దామనే అనుకున్నాను. ఈ నెల, వచ్చే నెల. మార్చలేదు. ఆయన దుకాణమున్న వీధికి పోవడం మానేశాను. రచయితల ఇళ్లకూ పోవడం మానేశాను. అద్దం కింద ఏ పేరు చూసినా, అసలు ఇచ్చినవాళ్లెవరో అనిపించేది.

ఎనభైల్లో లెక్చరరునై కుప్పం కాలేజీకి వచ్చాను. చేరిన వారానికి లైబ్రరీలో ఒక పాత నిఘంటువు తీశాను. గట్టి బైండింగు. వెనక అట్ట లోపల, మూలన, వంకర అక్షరాల్లో నా పేరు ఉంది. ఇంటిపేరుతో సహా. ఇంకో పుస్తకం తీశాను. దాంట్లోనూ ఉంది. ఒక బీరువా మొత్తం తీసి చూశాను. మొదటి పుస్తకాల్లో అక్షరాలు తడబడ్డాయి. పోనుపోను కుదిరాయి. చివరి వాటిలో ముత్యాల్లా ఉన్నాయి. అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

లైబ్రేరియన్ వచ్చాడు. “మదనపల్లె సాయబు కుట్టినవి సార్. కూతురింటికి వచ్చి మూడేండ్లు ఈడే ఉండె. పోయినేడు పోయినాడు. ఈ పేరు ఎవురిది సాబ్ అంటే నవ్వేవాడు గానీ సెప్పేవాడు గాదు.” పుస్తకం చూశాడు, నన్ను చూశాడు. “ఇది మీ పేరే గదా సార్?”

“అవును.”

“మీరేనా! ఎంత గౌరవం సార్ ఆయప్పకి మీరంటే. కుట్టిన బుక్కుకంతా మీ పేరే రాసుకున్యాడే!”

నేను తల ఊపాను.

ఆ మాట కాలేజీ అంతా పాకింది. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు ఆ పుస్తకాలు తీసి చూపిస్తారు, మా సార్ అంటే అంత అభిమానం అని. నేను పక్కనే నిలబడతాను. కాదనను. ఇవాళ మొదటిసారి మీ దగ్గర కాదన్నాను. ఆ రాసుకున్నది ఆయన పేరు. ఖాదర్ బాషా అనుకునే రాసుకున్నాడు. ఇంత చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది. ఊపిరాడటానికి నాకేం హక్కుందో మాత్రం తెలియడం లేదు.