అరిగిన పెద్ద చక్రం

కొండ కింద రోప్‌వే ఆగే చోటికి ఎదురుగా ఒక సైకిలు షాపు ఉంది. ఆ షాపు మేస్త్రీని చిన్నా పెద్దా అందరూ ‘రోడ్డు బాబాయ్’ అంటారు. ఆ పేరు ఆయన కోరి తెచ్చుకున్నదే. సైకిలుతో రోప్‌వే ఎక్కి పైకి పోవడం, రాళ్ల మీదా చెట్ల వేళ్ల మీదా దడదడలాడుతూ కిందికి దిగడం, ఇదీ అక్కడికి వచ్చేవాళ్ల సరదా. అందుకు వాడే సైకిళ్లే వేరు. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. అలాంటి సైకిలు తెచ్చి, “బాబాయ్, దీనికి కొండ గేర్లు బాగుంటాయా, రోడ్డు గేర్లా?” అని ఎవరడిగినా ఆయన తలెత్తకుండానే చెప్పేస్తాడు.

“రోడ్డువే. ఎక్కించడానికి రోప్‌వే ఉందాయె. దిగేవాడికి ఎక్కే గేర్లెందుకు నాయనా?”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. రోడ్డు సైకిలు గేరు చక్రాలు చిన్నవి, ఒకదానికి ఒకటి కొంచెమే తేడా. మలుపులోంచి బయటపడగానే కాలికి కుదిరిన గేరు చిక్కుతుంది. చైను పొట్టిది కనుక ఎగిరెగిరి పడదు. కొండ గేర్లలోనేమో ఆఖరి చక్రం పళ్లెమంత ఉంటుంది. చైను దాని మీద పడితే తొక్కడం తేలిక, ఎత్తు ఎక్కేవాడికి అది దేవుడిచ్చిన వరమే. కానీ దిగేటప్పుడు పొడుగు చైను ఫ్రేమును కొట్టుకుంటూ చెవిలో జోరీగలా మోగుతుంది. చైనును బిగువుగా పట్టే ఇనుప చెయ్యి కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది.

ఇంత చెప్పే బాబాయి ఆ కొండ ఎన్నడూ దిగలేదు. ఎప్పుడో ఒకసారి పైదాకా వెళ్లాడు గాని, మొదటి వాలు చూడగానే భయపడి, సైకిలుతో సహా రోప్‌వేలోనే తిరిగొచ్చాడు. ఆ సంగతి బయటివాళ్లెవరూ ఎత్తరు. ఎత్తితే గిత్తే ఇంట్లో ఆడవాళ్లే, భార్యా చెల్లెలూ.

చెల్లెలు ఆ కొండ మీదే నర్సు. మందుల సంచి వీపున వేసుకుని సైకిలు మీదే తిరుగుతుంది. పడ్డవాళ్లకు కట్టు కడుతుంది, దెబ్బ పెద్దదైతే జీపు పిలుస్తుంది. సాయంత్రం ఆఖరి గుంపును, కొత్తవాళ్లను, తానే ముందుండి దింపుకొస్తుంది. ఆమె సైకిలు ఎవరో వాడి వదిలేసినది. ఈమధ్య దాని ఫ్రేముకు పగులు వచ్చింది.

వానలకు కొండ మూసిన రోజుల్లో బాబాయి ఆమె కోసం కొత్త సైకిలు కట్టడం మొదలుపెట్టాడు. నిరుడు భార్య మంచం పట్టినప్పుడు ఈ చెల్లెలే రోజూ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేది. వదిన తల దువ్వి, పక్క మార్చి, నాలుగు నవ్వు మాటలు చెప్పి వెళ్లేది. ఆయన దండం పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటి వేసేది. నోటితో చెప్పనివ్వని ఆ మాటను ఆయన ఇప్పుడు స్పానరుతో చెబుతున్నాడు. అందుకే ఒక్క నట్టు కూడా వంకరగా ఉండకూడదు. రోజూ దేవుణ్ణి తలుచుకుని గాని పనిముట్టు ముట్టలేదు.

అన్నీ కుదిరాయి. గేర్లు మిగిలాయి. రోడ్డు గేర్ల గుత్తి బల్ల మీద తళతళలాడుతోంది. దానికి తగ్గట్టు చైను కత్తిరిస్తే పని అయిపోతుంది. పొట్టిగా తెగిన చైను మళ్లీ పెద్ద చక్రానికి అందదు. అలాంటి చైను ఆ షాపులో అదొక్కటే ఉంది.

గుమ్మం దగ్గర కూర్చుని సీటు కవరు కుడుతున్న భార్య అడిగింది. “ఏమండీ, ఏ గేర్లు కావాలో ఆ అమ్మాయిని అడిగారా?”

“అడిగితే ఏమంటుంది? ‘ఏవైనా పర్లేదన్నయ్యా’ అంటుంది. ఎప్పుడు నోరు తెరిచి అడిగింది గనక? అయినా నాకు తెలీదా?”

“మీకు తెలీనిదేముంది లెండి, కొండ దిగడం తప్ప.”

బాబాయి విననట్టు చెల్లెలి పాత సైకిలు వైపు తిరిగాడు. దాని పెడళ్లు ఇంకా గట్టివే, కొత్తదానికి వేద్దామనుకున్నాడు. పెడలు విప్పుతూ, చెయ్యి ఊరుకోక, వెనక గేర్లకు పట్టిన బురద గుడ్డతో తుడిచాడు. ఆ సైకిలుకు మొదటి నుంచీ ఉన్నవి కొండ గేర్లే.

తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. అన్నిటికన్నా చిన్న చక్రం అరిగింది. అది సహజమే, దిగేటప్పుడు వాడేది అదే. మధ్యవి కొత్తవాటిలా ఉన్నాయి. కానీ ఆ పళ్లెమంత పెద్ద చక్రం పళ్లు సన్నబడి ముళ్లలా తేలాయి. సీటు కిందున్న గొట్టం మీద కూడా, ఎక్కేటప్పుడు సీటు ఎత్తి, దిగేటప్పుడు దించినట్టు గీతలు.

“చూశావటే! ఆ రోప్‌వే మేనేజరు మా చెల్లెలి చేత కొండెక్కిస్తున్నాడు!” అంటూ బాబాయి లేచాడు. “కొండ తెరవనీ, వాడి దుమ్ము దులిపేస్తాను.”

“దులుపుదురు గాని, ముందు చేతులు తుడుచుకోండి. ఆ వచ్చేది మీ చెల్లెలే.”

చెల్లెలు వస్తూనే దుప్పటి కప్పిన కొత్త సైకిలు వైపు తొంగి చూసి, కళ్లెగరేసింది. “ఏంటన్నయ్యా, మొహం అలా పెట్టావు? వదిన మళ్లీ రోప్‌వే సంగతి ఎత్తిందా?”

“నీ రోప్‌వే మాటకేం గాని, ఈ పెద్ద చక్రం ఎందుకిలా అరిగింది? నిన్నెవరు ఎక్కమంటున్నారు?”

“ఎవరూ అన్లేదు. నేనే ఎక్కుతాను.”

“ఎందుకూ?”

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. “పడ్డవాళ్లు అరుస్తారన్నయ్యా, వాళ్ల దగ్గరికి జీపెళ్తుంది. భయపడ్డవాళ్లు అరవరు. సైకిలు పక్కన పడుకోబెట్టి, షూ లేసు కట్టుకుంటున్నట్టు కూర్చుంటారు. నేనేమో ముందుంటాను కదా. వెనకాల టైర్ల చప్పుడు ఆగిందంటే, ఎవరో ఆగిపోయారనే. వెనక్కి తిరిగి ఎక్కుతాను.”

“నడిచి వెళ్లొచ్చుగా?”

“నర్సు సైకిలు పడేసి పరిగెత్తుకొస్తుంటే తగలని దెబ్బ కూడా తగిలిందనుకుంటారు. అదే మెల్లగా తొక్కుకుంటూ వెళ్లి, ‘ఆయాసమొచ్చింది, కాసేపు కూర్చుంటా’ అంటే వాళ్లకి సిగ్గనిపించదు. ఆ పెద్ద చక్రం పుణ్యమా అని నాకు మాట్లాడే ఊపిరి మిగులుతుంది.” కాస్త ఆగి, గొంతు తగ్గించింది. “ఆవేళ నువ్వు మొదటి వాలు దగ్గర ఆగిపోయావు చూడు. నేను వెనక్కి చూడకుండా దిగిపోయాను. అప్పటి నుంచే ఈ అలవాటు.”

బాబాయి బల్ల వైపు తిరిగాడు. రోడ్డు గేర్ల గుత్తిని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశాడు.

“ఏమిటది?” అంది చెల్లెలు.

“ఏం లేదు. నీది కాదులే,” అన్నాడు.

ఆ తర్వాత పని మళ్లీ మొదటికొచ్చింది. కొండ గేర్లు బిగించాడు. చైను పొడుగ్గానే ఉంచాడు. అది ఫ్రేమును కొట్టే చోట పాత ట్యూబు రబ్బరు చుట్టాడు. దాని మీద భార్య తోలు ముక్క కుట్టింది. ఇనుప చెయ్యి రాళ్లకు తగలకుండా చిన్న రేకు వంచి అడ్డం పెట్టాడు. స్టాండు మీద చక్రం తిప్పితే కిక్కురుమనలేదు. రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకున్నాడు.

కొండ తెరిచిన రోజు చెల్లెలు ఊరుకోలేదు. “కట్టినవాడు చూడకపోతే ఎలా?” అని ఉడుంపట్టు పట్టి, అద్దె సైకిలు ఒకటి ఇప్పించి, ఆఖరి గుంపులో ఆయన్ను కూడా ఎక్కించింది. మొదటి వాలు కళ్లు సగం మూసుకుని దిగాడు. రెండో మలుపు దగ్గర బ్రేకులు నొక్కి ఆగిపోయాడు. గుంపు కిందికి సాగిపోయింది. టైర్ల చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయింది. ఆయన సైకిలు పక్కన పడుకోబెట్టి, రాయి మీద కూర్చుని, సరిగ్గా ఉన్న షూ లేసే మళ్లీ విప్పి కట్టుకోసాగాడు.

కాసేపటికి మలుపు కింద నుంచి హెల్మెట్టు పైకి లేచింది. తర్వాత మందుల సంచి. చైను చప్పుడే లేదు. చెల్లెలు తీరుబడిగా తొక్కుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“ఆయాసమొచ్చిందన్నయ్యా, కాసేపు కూర్చుంటా.”

బాబాయి ముందు ఆమె మొహం చూడలేదు, సైకిలు చూశాడు. చైను పెద్ద చక్రం మీద బుద్ధిగా ఉంది. “జారడం లేదు కదా?” అన్నాడు.

“అస్సలు లేదు. నువ్వే జారుతున్నావు.”

ఇద్దరూ పకపకా నవ్వారు. సంచిలోంచి సీసా తీసి ఆయనకు నీళ్లిచ్చింది. ఎండ చెట్ల మధ్య నుంచి పల్చగా పడుతోంది. ఎవరికీ తొందర లేదు. చివరికి ఆయనే లేచి హ్యాండిలు పట్టుకున్నాడు. “నువ్వు ముందు నడువు. ఆగితే వస్తావుగా?”

“రాకేం? గేర్లెవరు వేశారనుకున్నావు?”

దారిలో ఇంకా రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ ఆమె ఎక్కి వచ్చింది. రెండోసారి ఆమె వచ్చేటప్పటికి ఆయన లేసు కట్టుకోవడం మానేసి, ఆమె ఎక్కే తీరు చూస్తూ నిలబడ్డాడు.

కింద షాపు గుమ్మంలో నిలబడి దారి చూస్తున్న భార్యకు ముందు బ్రేకుల కీచు వినపడింది. ఆ వెనకే భర్త కనపడ్డాడు, రెండు కాళ్లూ నేలకానించి, దుమ్ము లేపుకుంటూ.

“బ్రేకులున్నాయి కదండీ, షూ అడుగులెందుకు అరగదీశారు?” అంది.

“కొండ దిగాను, చూశావా లేదా?”

“చూశాను, చూశాను,” అంటూ ఆమె కొంగుతో ఆయన మొహం మీది దుమ్ము తుడిచింది. ఇంతలో చెల్లెలు కొత్త సైకిలును తుడిచి గోడకు ఆనించింది.