పక్కన మనిషి నిలబడాల్సిన మిషన్

మా ఇంట్లో బట్టలుతికే మిషన్ ఏది కొనాలన్న నిర్ణయం నాది. ఈ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అడగరు గనుకే నేనే చెప్పుకుంటున్నాను.

తొంభైల నడిమి సంగతి. సోలాపూర్ భవాని పేట్‌లో, పది కుటుంబాలుండే ఒక వాడాలో మాకు రెండు గదులు, ముందొక వరండా. అన్న తువ్వాళ్ల కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మేం సాంచె అనే అంటాం. నేను అదే కార్ఖానాలో జాబర్‌ని, అంటే సాంచెలు చెడితే బాగుచేసేవాణ్ణి. అవ్వా (అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం), వదినా వరండాలో కూర్చుని ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. వదినను చూడ్డానికి వెళ్లినరోజు అవ్వ ముందు పేరడిగింది, తర్వాత చాట తెప్పించి చుట్టి చూపించమంది. ఆ వేళ్ల వేగం చూసి పెళ్లి అక్కడే ఖాయం చేసుకుంది. మాకు ఇందులో వింతేమీ కనబడలేదు. మా పేటలో అందరూ అలాగే చేసేవారు.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. నీళ్లొచ్చిన పొద్దున వదిన చాట పక్కన పెట్టి లేచేది. మావి దూది పట్టిన ప్యాంట్లు, సాంచెల నూనె మరకలు. వాళ్లవి తంబాకు ఘాటెక్కిన చీరలు. అన్నీ వాడా నడుమ బండ మీద ఉతికి, బకెట్లు మోసుకుంటూ డాబా ఎక్కి ఆరేసేది. ఆరేయడం అయిపోయినా వెంటనే దిగేది కాదు. అవ్వ కిందనుంచి కేకేసేది.

"ఏం జేస్తున్నవే పైన? గాలి తింటున్నవా?"

నిజంగానే ఆమె గాలి తింటోంది. వరండాలో అవ్వ అలవాటుగా గోనెపట్టా దించి ఉంచేది, తంబాకు ఎగిరిపోతుందని. ఆ పొడిలో పొద్దంతా కూర్చున్న మనిషికి డాబా మీద ఆ కాసేపు ఎంతో నాకప్పుడు తెలియదు. తెలిస్తే ఏం చేసేవాణ్ణో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

పెళ్లయిన ఐదో ఏడు ఆమెకు దగ్గు పట్టుకుంది, తర్వాత ఆయాసం. సర్కారు దవాఖానాకు నేనే తీసుకెళ్లాను. డాక్టరు మరాఠీలో మూడు మాటలు చెప్పాడు. తంబాకు పని మానాలి. వీలైనంత గాలిలో ఉండాలి. బరువులు మోయకూడదు. ఇంటికొచ్చి మూడూ చెప్పాను. మొదటి మాట ఎవరూ విననట్టే ఊరుకున్నారు, బీడీలు మానితే ఇల్లు ఎలా నడుస్తుందో ఎవరికీ తెలియదు గనుక. రెండో మాటకు అవ్వ నవ్వింది. మూడోది మాత్రం అందరం గట్టిగా పట్టుకున్నాం. అప్పుడే నాకు మిషన్ ఆలోచన వచ్చింది. ఆ నెల భిశీ చీటీ డబ్బు నాకే వచ్చింది. వదినను నేనే బతికిస్తున్నానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

దుకాణానికి నేను, అన్న, వదిన వెళ్లాం. రెండు మిషన్లు చూపించాడు దుకాణదారు. ఒకటి రెండు తొట్లది. నీళ్లు మనమే పోయాలి, ఉతికాక బట్టలు తీసి పక్క తొట్లో వేయాలి, మళ్లీ జాడించాలి, బట్టలయ్యేదాకా పక్కనే ఉండాలి. నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంది. రెండోది ముందు గుండ్రటి అద్దం తలుపు ఉన్నది. బట్టలు వేసి మీట నొక్కితే చాలు, సగం నీళ్లతోనే ఉతికి, పిండి, తనంతట తానే ఆగుతుంది.

వదిన రెండు తొట్లదాని మూత ఎత్తి లోపలికి చూసింది. "దీని పక్కకు మనిషి నిలబడాలెనా తమ్మీ?" అని అడిగింది.

"అవును వదినా, అదే దీనితోని పరేషాన్" అన్నాను.

"అట్లయితే గిదే తీస్కుందాం."

ఆమెకు అర్థం కాలేదనుకున్నాను. మళ్లీ మొదటినుంచి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను. ఆమె అంతా విని, "సమజైంది. నాకు గిదే బరోబర్ ఉంటది" అంది. అన్న నవ్వాడు. దుకాణదారూ నవ్వాడు. నేను అద్దం తలుపుదే కొన్నాను.

ఇక్కడ నా పని గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడే మా కార్ఖానా సేట్ అడిగితే, పోగు తెగితే సాంచె దానంతట అదే ఆగేటట్టు అమర్చింది నేనే. పని తేలికవుతుందని అందరికీ చెప్పాను. నెల తిరక్కుండా రెండు సాంచెలు నడిపే మనిషికి సేట్ నాలుగు ఇచ్చాడు. "నీ చెయ్యి పడ్డంక చాయ్ తాగనీకి సుత సందు లేదురా" అని సొంత అన్నే నన్ను తిట్టాడు. ఇదంతా కళ్లతో చూసినవాణ్ణి. అయినా పక్కన మనిషి అక్కర్లేనిదే మంచి మిషన్ అనుకున్నాను. నేను నేర్చిన విద్య అదొక్కటే.

డాబా మీద పీపా పెట్టి, పైపు దించి, మిషన్‌ను వరండాలోనే నిలబెట్టాను. బట్టలు దాదాపు ఆరి వస్తాయి గనుక డాబా ఎక్కే అవసరం లేకుండా వరండాలోనే తీగ కట్టాను. అన్నీ నా చేతులతో చేసిపెట్టాను. మొదటి వారమంతా పక్కిళ్లవాళ్లు వచ్చి అద్దంలో బట్టలు తిరగడం చూసిపోయారు. రెండో వారం అవ్వ బీడీ కార్ఖానానుంచి వదినకు ఆకూ తంబాకూ పెంచి తెచ్చింది.

"బట్టల పని లేదు గద ఇగ" అంది.

అవ్వ చెడ్డమనిషి కాదు. మా సేట్ కూడా చెడ్డవాడేం కాదు.

వదిన నీళ్లొచ్చిన పొద్దున కూడా లేవడం మానేసింది. ఆమె చాట పెట్టుకుని కూర్చుంటే మిషన్ ఎదురుగానే తిరుగుతుండేది. ఒకసారి దానివైపు చూసి, "మంచిగ తెచ్చినవ్ తమ్మీ. ఆగుతనే లేదు" అంది. మెచ్చుకుందని సంతోషించాను. అంత తెలివితక్కువవాణ్ణి.

రెండు నెలలకు మిషన్ ఆగడం మొదలైంది. నీళ్లు బయటికి పోయేవి కావు. ఆగినరోజు వదిన బట్టలు తీసుకుని బండ దగ్గరికి, తర్వాత డాబా మీదికి వెళ్లేది. నేను డ్యూటీనుంచి వచ్చి పైపు కడిగి బాగుచేసేవాణ్ణి. మా ప్యాంట్ల దూది అడ్డం పడుతోందనుకుని సన్నటి జాలీ కూడా బిగించాను. అయినా మూడోసారి ఆగింది. ఈసారి పైపు పూర్తిగా విప్పితే దూది ఉండ ఒకటి బయటపడింది. దాని చుట్టూ బీడీ దారం, బీడీకి చుట్టినట్టే పొందికగా చుట్టి ఉంది.

సాంచెల్లో ఇలాంటివి నేను చాలా చూశాను. కాసేపు ఊపిరి తీసుకోవడానికి మనుషులు సాంచెలను ఎలా ఆపుతారో జాబర్‌కు తెలియకుండా ఉండదు. కార్ఖానాలో అలాంటివాళ్ల సంగతి సేట్‌కు చెప్పేవాణ్ణి. ఇంట్లో కూడా అదే చేశాను. ఆ ఉండ పట్టుకొచ్చి అందరి ముందూ వదిన చాటలో పడేశాను.

"ఎవరికోసం తెచ్చిన్నే నేను మిషన్?" అని అరిచాను.

పెద్దదైన వదినను "ఏమే" అన్నట్టు అరిచిన మొదటిసారీ చివరిసారీ అదే. అవ్వ కూడా నోటికొచ్చినట్టు తిట్టింది. అన్న బయటికి వెళ్లిపోయాడు. వదిన ఆ ఉండకున్న దారం మెల్లగా విప్పి, చాటలోనే ఉన్న బీడీకి చుట్టింది. నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, పైపు బిగించి కార్ఖానాకు వెళ్లిపోయాను.

ఆ తర్వాత మిషన్ ఒక్కసారీ ఆగలేదు. మరుసటి వానాకాలంలో, గోనెపట్టా ఎత్తడానికి వీల్లేని ముసురు రోజుల్లో, వదిన పోయింది. చివరి వారం కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఊపిరి అందేది కాదు.

పదోనాడు మైల బట్టలన్నీ ఉతకాలి. అవ్వ ఆమె చీరలు కూడా మూట కట్టి నా ముందు పెట్టింది. మిషన్‌లో వేసి మీట నొక్కాను. చీరలు తడిసేసరికి వరండా అంతా తంబాకు వాసన వచ్చింది. అద్దంలో ఆమె ఆకుపచ్చ చీర కనబడుతూ, పోతూ ఉంది. నేను అక్కడే నిలబడ్డాను.

కాసేపటికి అవ్వ చూసింది. "అది దానంతటదే నడుస్తది గద. నువ్వెందుకు నిలబడ్డవ్? కూసో రా" అంది.

గోనెపట్టా పైకెత్తి కట్టి, మళ్లీ వచ్చి మిషన్ పక్కనే నిలబడ్డాను. అది ఆగేదాకా కదల్లేదు. ఆ సేపంతా నన్ను ఎవరూ ఏ పనికీ పిలవలేదు.