ఆవిరి పెట్టెకు అవతలి మనిషి

పోయిన వారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో చిత్రాన్నం ముందు కూర్చుని ఉండగా, అప్ప సెల్ నుంచే నాకు ఫోన్ వచ్చింది. గొంతు మాత్రం ఆయనది కాదు. "మేడమ్, అప్ప పోయినాడు. పొద్దున లేపితే లేయలేదు" అన్నాడు ఎవరో. బెంగళూరులో ఎదురుపడిన ప్రతి మగవాణ్నీ అప్పా అనే పిలుస్తాం గానీ, నాకు అప్ప అంటే ఒక్కరే. మా మందుల ఫ్యాక్టరీలో ఆటోక్లేవ్‌కు అవతలి వైపు పనిచేసిన సీనియర్ ఆపరేటర్. చిత్రాన్నం అలాగే వదిలేసి, ఆయన ఇల్లున్న కాడుగోడికి బస్సెక్కాను.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఆయన గురించి చెప్పలేను. ఇంజెక్షన్ మందు తయారయ్యేటప్పుడు ఆ ద్రవం గొట్టాల గుండా, ఫిల్టర్ల గుండా పోతుంది. వాటిలో కంటికి కనిపించని క్రిమి ఒక్కటి మిగిలినా మందంతా పారబోయాల్సిందే. అందుకని వాటిని కడిగి, కాగితంలో చుట్టి, బీరువా అంత ఉక్కు పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తారు. అదే ఆటోక్లేవ్. దానికి రెండు తలుపులు. ఒకటి మామూలు గదిలోకి, ఇంకొకటి క్రిములు లేని శుభ్రమైన గదిలోకి. రెండూ ఒకేసారి తెరుచుకోవు. అటు తలుపులోంచి ఆయన పెట్టేవారు, ఇటు తలుపులోంచి నేను తీసేదాన్ని. తొంభైల మధ్యలో నేను చేరింది మొదలు మా పరిచయం ఇలాగే సాగింది.

శుభ్రమైన గదిలో ఎంతమంది ఉన్నా ఎవరికి వారే. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి ముసుగు, కనిపించేవి కళ్లు మాత్రమే. నోరు తెరిస్తే తుంపర పడుతుందని మాటలు కూడా తగ్గించమనేవారు. కడప నుంచి వచ్చి హొసకోటెలో ఒంటిగది అద్దెకు తీసుకున్న నాకు ఇంటి దగ్గరా మాటల్లేవు, పని దగ్గరా లేవు. నోరు తుప్పు పడుతుందేమో అనిపించేది. అలాంటప్పుడు తలుపు తీస్తే ఇంకా వెచ్చదనం పోని పొట్లాలు కనిపించేవి. ప్రతి పొట్లానికీ ఆయన దారం ముడి, ఒక్కసారి లాగితే ఊడొచ్చేది. రెండు జతల చేతి తొడుగుల్లో ఉన్న నా వేళ్లకు కష్టం కాకూడదని అలా కట్టేవారు. వేరేవాళ్లు కట్టిన రోజున కత్తెర కోసం వెతుక్కోవాల్సి వచ్చేది.

మా రెండు గదుల మధ్య ఒక ఇంటర్‌కమ్ ఉండేది. పని మాటలకే పెట్టారు దాన్ని. ఆయన దాంట్లో, "ఏమ్మా, తిన్నావా?" అని అడిగేవారు.

"ఇంకా లేదప్పా."

"పోయి తిను పో. ఫిల్టర్లు యాడికీ పోవు, లోపల్నే ఉండాయి."

గొట్టాలంటే ఆయనకు ప్రాణం. మెలిక పడితే నీళ్లు నిలుస్తాయని వాలుగా పరిచేవారు. చివర్లు కాగితంతో వదులుగా చుట్టి, గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపులన్నీ తెరిచి పెట్టేవారు. "గాలి కూచున్న చోటికి ఆవిరి రాదమ్మా. ముందు గాలిని సాగనంపాల" అనేవారు. వేడి దిగకముందే తలుపు తీస్తే ఫిల్టర్ దెబ్బతింటుంది. ఆ సంగతి మరచి షిఫ్ట్ ఆఫీసరు తొందరపెడితే, "ఇది పెసరట్టు కాదు సార్, వేడి వేడిగా తీసేదానికి" అని నింపాదిగా జవాబిచ్చేవారు. ఆఫీసరుతో సహా అందరం నవ్వుకునేవాళ్లం.

కొన్నేళ్లకు ఆయన భార్య జ్వరంతో పోయింది. పిల్లలు లేరు, ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే. దినాలు అవగానే ఆయన డ్యూటీకి వచ్చేశారు. ఆ రోజు నేను తలుపు తీసి పొట్లాలు బల్ల మీద పెట్టుకున్నాను. పైన అంటించిన, వేడికి రంగు మారే పట్టీ ఎప్పటిలాగే నల్లబడింది. కాగితం విప్పి చూద్దును కదా, గొట్టానికి రెండు చివర్లా క్లాంపులు బిగించి ఉన్నాయి. ఇంకొకటి విప్పాను. అదీ అంతే. ఆవిరి లోపలికి పోయే దారే లేదు. పొట్లానికి వేడి తగిలిందని పట్టీ చెబుతుంది గానీ, గొట్టం లోపలి సంగతి దానికేం తెలుసు.

"అప్పా, క్లాంపులు మూసే ఉన్నాయి" అన్నాను ఇంటర్‌కమ్‌లో.

"అన్నీనా?"

"అన్నీ."

"పక్కన పెట్టేయ్ తల్లీ. నేనే పోయి చెప్తా."

నేను ముసుగు విప్పి మేనేజరు గదికి చేరేసరికి ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మా మేనేజరు చెడ్డవాడేం కాదు. "మనసు బాగాలేనప్పుడు ఇలాంటివి జరుగుతాయి. ఒక నెల సెలవు తీసుకుని ఇంట్లో రెస్ట్ తీసుకోండి" అన్నారు. దయగానే అన్నారు. ఆ దయకే అప్ప ముఖం పాలిపోయింది.

"పనిష్‌మెంట్ ఏదైనా ఈండి సార్, తీసుకుంటా. ఇంటికి మాత్రం పంపించొద్దు. ఆయమ్మ లేని ఇంట్లో సుమ్మనే ఊరికే కూసోని ఏం చేసేది? గోడలు ఉండాయి, అంతే."

ఆయన ఒకరిని బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "సార్, కొన్నాళ్లు నన్ను అటువైపు వేయండి. ఒకరు కట్టింది ఇంకొకరు చూసి పెడతాం" అన్నాను. మేనేజరు సరే అన్నారు.

అలా కొన్ని వారాలు స్టీలు బల్లకు చెరోవైపు కూర్చుని గొట్టాలు చుట్టాం. ఆయన ప్రతి క్లాంపూ తెరిచి నాకు చూపించి, నేను తల ఊపాకే కాగితం అందుకునేవారు. భార్య గురించి మాట్లాడింది అప్పుడే. "రోజూ ఫ్యాను గురించి కొట్లాట మాకు. నాకు తిరగాల, ఆయమ్మకు చలి. ఇప్పుడు ఎంత తిప్పుకున్నా అడిగేటోళ్లు లేరు. అయినా ఆపేసే పండుకుంటాండా" అన్నారు ఒకరోజు. నేను ఇంకో గొట్టం అందించాను. నాకూ ఆ వారాలు బాగుండేవి. సాయంత్రం గదికి వెళ్లాక తలచుకోవడానికి నాలుగు మాటలు మిగిలేవి.

ఆయన రిటైరయ్యాక గొట్టాలూ ఫిల్టర్లూ ముందే శుద్ధి చేసి సీలు వేసిన సంచుల్లో రావడం మొదలైంది. ఒకసారి వాడి పారేయడమే. పని తేలికైంది, కాదనను. కానీ సంచి చింపితే ఎవరి చేయీ గుర్తుకు రాదు. ఉగాదికో దసరాకో ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగేదాన్ని. "ఉండానమ్మా. ఇప్పుడు ఇంట్లో సద్దు ఉండాది" అన్నారు ఒకసారి. అనంతపురం వైపు నుంచి వచ్చిన, ఇళ్లు కట్టే బేల్దారి పనివాళ్లకు ముందు గది ఇచ్చారట. ఆ మాత్రం అద్దె కోసం ఇంత రద్దీ ఎందుకప్పా అన్నాను. "అద్దె ఎవరికి కావాలమ్మా? నాకు ఆళ్ల గురక కావాల" అన్నారు.

నేను వెళ్లేసరికి ఆయనకు స్నానం చేయించి పడుకోబెట్టారు. హొసకోటె నుంచి భార్య తరఫు బంధువొకాయన వచ్చి తలకొరివి పెట్టాడు. పాడె మోసింది మాత్రం ఆ బేల్దారి వాళ్లే. శ్మశానం నుంచి తిరిగి వచ్చాక వాళ్లలో పెద్దాయన, నాకు ఫోన్ చేసినవాడే, నా పక్కన కూర్చున్నాడు. "అప్ప ఏం పని చేసేటోడు మేడమ్? మాకెప్పుడూ చెప్పల్యా. చేతులు కడుక్కోమని మాత్రం ప్రాణం తీసేటోడు" అన్నాడు. గొట్టాలకు ఆవిరి పట్టించేవారని మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గర ఆపి, ఆయన దారం ముడి వేసే తీరు వేళ్లతో చూపించాను. ఫ్యాక్టరీలో ఇప్పుడంతా కొత్తవాళ్లే. ఆయన కట్టిన పొట్లం ఎలా ఉండేదో ఎరిగినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే అని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. నాకు చాలా ఒంటరిగా అనిపించింది.

మూడో నాడు, పాలు పోసే రోజున పొద్దున్నే మళ్లీ వెళ్లాను. వాళ్లు పనికి బయలుదేరుతున్నారు. తాపీలూ మట్టపు కర్రలూ గోనె సంచిలో వేసుకుని, ఒకరి వెనక ఒకరు గడప దాటారు. అందరి కన్నా వెనకున్నవాడు, అప్ప పడుకునే లోపలి గది వైపు తిరిగి, రోజూలాగే "పోయొస్తామప్పా" అన్నాడు. అందరూ చెప్పులతో ఆ వాకిట్లోనే ఆగి, లోపలికి చూస్తూ నిలబడ్డారు.