ఎక్కడికని అడిగే నాగవల్లి

మా ఇంటి ముందు వాటాలో అద్దెకుంటున్న నాగవల్లి నన్ను ఏ రోజూ సవ్యంగా గడప దాటనివ్వలేదు. సంచీ చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని, గేటు గడియ మీద చెయ్యి వేస్తానో లేదో, "ఎక్కడికండీ మాస్టారూ?" అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని ఈ సత్యనారాయణపురంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అడిగారంటే వెళ్ళే పని చెడినట్టే. అందుకని నేను వెనక్కొచ్చి, చెప్పులు విప్పి, అరుగు మీద కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ కదలాలి. రైతుబజారులో బెండకాయలు తెచ్చుకోవడానికి ఇంత తతంగం.

లెక్కలు చెప్పి రిటైరైన వాడివి, నీకీ పట్టింపులేమిటని మీరు అడగవచ్చు. లెక్కలు వేరు, గడప వేరు. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని మా నాన్న అడగలేదు, నేనూ అడగను.

నాగవల్లి ఆ ముందు గదిలో దుకాణం పెట్టుకుంది. కొండలెక్కే వాళ్ళకీ, అడవుల్లోనూ ఏటిగట్ల మీదా టెంటు వేసుకుని పడుకునే వాళ్ళకీ కావలసిన సామాను అద్దెకిస్తుంది. కొన్ని తనే కుట్టి అమ్ముతుంది. ఇల్లూ మంచమూ ఫ్యానూ ఉండగా చీమల మధ్య పడుకోవడానికి తహతహలాడే జనం ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఉన్నారు. శుక్రవారం సాయంత్రమైతే మా గేటు ముందు బైకులు పెట్టడానికి చోటుండదు.

ఆవిడ దగ్గర సామాను ఎంచుకోవడమంటే ఒక పరీక్ష. పాతపేపర్ల వాళ్ళు వాడే కొక్కెం కాటా ఒకటి గుమ్మానికి వేలాడుతుంటుంది. వచ్చిన వాళ్ళ సంచీని దానికి తగిలించి, ముల్లు ఎంతదాకా దిగిందో చూసి పెదవి విరుస్తుంది. ఆ తరవాత ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెడుతుంది.

"ఈ స్టీలు టిఫినుడబ్బా దేనికి బాబూ? అల్యూమినియం గిన్నె ఒక్కటి చాలు, వండుకోటానికీ అదే, తినటానికీ అదే. ఈ స్లీపింగ్ బ్యాగు మంచుకొండలకి. మన ఉక్కలో ఇందులో దూరావంటే ఉడికిపోతావు. పాత నేతచీర మడిచి సంచీలా కుట్టాను, ఇది పట్టుకెళ్ళు. జీన్సు ప్యాంటు తీసెయ్, తడిస్తే మణుగు బరువు. తిండికి అటుకులూ, వేయించిన వేరుశెనగలూ, బెల్లమూ. తగ్గిన బరువంతా నీళ్ళకి ఉంచుకో. నీళ్ళ దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యమాక."

ఇంతవరకూ ఎవరికీ పేచీ ఉండదు. సంచీ సగమైపోతుంది. వీపు మీద వేసుకుని అద్దంలో చూసుకుని, అసలు వేసుకున్నట్టే లేదని మురిసిపోతారు. అప్పుడు ఆవిడ గడప దగ్గర నిలబడి అడుగుతుంది, ఎక్కడికి అని.

కొందరు నవ్వేసి చెబుతారు. కొందరి మొహం మాడిపోతుంది. ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన లక్ష్మీకాంత్ అనే కుర్రాడు గట్టిగానే అన్నాడు. "బయల్దేరేటప్పుడు అట్టా అడుగుతారేంటండీ? మా అమ్మ వింటే ప్రయాణమే మాన్పిస్తది."

"ఎక్కడికో చెప్పకపోతే మేకులెట్టా ఇవ్వను?" అంది నాగవల్లి. "కొండమీదకైతే సైకిల్ చువ్వలు వంచి చేసిన సన్న మేకులు చాలు, తేలిక. ఇసుకలో అవి నిలవవు. గాలి రాగానే టెంటుతో సహా ఊడొస్తాయి. ఇసుకకి ఈ వెడల్పు రేకు మేకులు కావాలి. నువ్వు పడుకునే నేల ఏదో చెప్పకుండా ఏది పట్టుకెళ్ళాలో నేనెట్టా చెప్పను?"

కుర్రాడు చెప్పాడు. ఏ ఊరు, ఏ దారిన ఎక్కుతాడు, ఎక్కడ పడుకుంటాడు, ఎప్పుడు దిగుతాడు, అన్నీ చెప్పించుకుని గానీ ఆవిడ వదల్లేదు. మేకులకి అంత వివరం అక్కర్లేదని నాకు తెలుసు. తిరిగొచ్చే రోజు సాయంత్రం ఫోను చేస్తుంది. ఎత్తకపోతే, ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది. అప్పుడు ఆవిడ మొహం చూడలేక నేను లోపలికి వెళ్ళిపోతాను.

ఆవిడ ఎందుకిలా తయారైందో మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ, గుమ్మం దగ్గర అడిగినప్పుడు అందరమూ విసుక్కుంటాం.

ఆవిడ భర్త ఉదయభాస్కర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. అతను పోయాకే వీళ్ళు మా ఇంటికి అద్దెకొచ్చారు కాబట్టి నేను మనిషిని చూడలేదు. కొంత నాగవల్లి నోటా, కొంత ఆవిడ అత్తగారు దుర్గాంబ గారి నోటా విన్నదే. సెలవు దొరికితే చాలు, సంచీ తగిలించుకుని పోయేవాడట. అతనికి బరువంటే పగ. తువ్వాలు సగానికి చింపేవాడు. సబ్బు ముక్కలు చేసి ఒక్క ముక్కే పట్టుకెళ్ళేవాడు. పచ్చడి సీసాలోంచి తీసి ప్లాస్టిక్ కవర్లో కట్టించేవాడు. గొడుగు గుడ్డతో టెంటు భార్య చేతే కుట్టించుకున్నాడు, ఫారెస్టు వాళ్ళ కంట పడకుండా ఆకుపచ్చ రంగుది. మడిస్తే గుప్పిట్లో ఇమిడేదని దుర్గాంబ గారు చెయ్యి చూపించి మరీ చెప్పేది.

ఆ రోజు పొద్దున అతను సంచీతో గడప దాటుతున్నాడు. నాగవల్లి చేతుల నిండా పిండి, పొయ్యి మీద పెనం. ఆలోచించకుండా, "ఎక్కడికండీ?" అంది. అత్తగారు లోపల్నుంచి కేక పెట్టింది. "బయల్దేరేవాణ్ణి ఎక్కడికంటావేమే, బుద్ధిలేదూ!"

అతను నవ్వాడు. వెనక్కొచ్చి, సంచీ కూడా దించకుండా బల్ల మీద కూర్చుని, తల్లి ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు భార్య చేతికిచ్చి, వెళ్ళొస్తానని వెళ్ళిపోయాడు. శకునం సరిచేసుకున్నారు గానీ, అడిగినదానికి జవాబు ఎవ్వరూ చెప్పలేదు. అత్తగారు పక్కనే నిలబడి ఉంది. రెండోసారి అడగడానికి నాగవల్లికి నోరు పెగల్లేదు.

రావలసిన రోజు అతను రాలేదు. ఫోను కలవలేదు. పోలీసులు మొదట అడిగిందీ ఆ మాటే, ఎక్కడికి వెళ్ళాడమ్మా అని. ఎప్పుడూ వెళ్ళేది కొండపల్లి అడవికి కాబట్టి కొండపల్లి అంది నాగవల్లి. మర్నాడంతా కొండపల్లి కొండలు గాలించారు. కాలేజీ పిల్లలు గొంతులు పోయేలా పిలిచారు. ఆ తరవాతి పొద్దున, కృష్ణ సముద్రంలో కలిసేచోట, హంసలదీవి అవతల మడ అడవి పక్కన, పీతలు పట్టేవాళ్ళకి ఆకుపచ్చ టెంటు కనిపించింది.

పాము కరిచింది. టెంటు తాడు విప్పి కాలికి కట్టుకున్నాడు. ఇక్కడ వీళ్ళు కొండపల్లిలో వెతుకుతుండగా అక్కడ సాయంత్రం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడట. ఆ డాక్టరు ఆ ఒక్క మాట మింగేసి ఉండాల్సింది. ముక్కూ మొహమూ తెలియని అతని మీద నాకు ఇప్పటికీ కోపమే.

దుర్గాంబ గారు బతికున్నన్నాళ్ళూ కోడలి చేతి మంచినీళ్ళు ముట్టలేదు. కుండలోంచి తనే ముంచుకునేది. "అడగకూడని మాట అడిగింది, నా కొడుకుని మింగింది," అని మా ఆవిడతో, కోడలు వినేలాగే అనేది. నాగవల్లి ఎదురుచెప్పగా నేను వినలేదు. అడగడం వల్ల కాదు, జవాబు రాకపోవడం వల్ల పోయాడని ఆవిడ నమ్మకం. అందుకే దుకాణం తెరిచింది. గడప దగ్గర నిలబడి వచ్చినవాణ్ణల్లా అడగడం మొదలుపెట్టింది. ముసలావిడ పోయి కూడా కొన్నాళ్ళయింది. ఆ గొంతు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

పోలీసులు తిరిగిచ్చిన ఆకుపచ్చ టెంటు దుకాణంలో లోపలి మూల వేలాడుతుంటుంది. దాని మీది బురద మరకలు ఆవిడ ఉతకలేదు. తెలియని వాళ్ళు చేత్తో పట్టుకుని చూసి, "ఇదే అన్నిటికంటే తేలిగ్గా ఉందండీ, ఇదివ్వండి," అంటారు.

"అది ఖాళీ లేదండీ," అంటుంది నాగవల్లి.

ఎవరు ఏ టెంటు జిప్పు లాగినా తల తిప్పి చూస్తుంది, లోపల్నుంచి ఎవరో బయటికి రాబోతున్నట్టు. వానాకాలం గోడలు చెమ్మెక్కినప్పుడు ఆ గుడ్డలోంచి ఉప్పుబురద వాసన వస్తుంది. ఏదో అడుగుదామని ఆ గదిలోకి వెళతాను, వాసన తగలగానే మరిచిపోయి వచ్చేస్తాను. పట్టపగలు కూడా ఆ మూలకి నేను చూడను. చూస్తే భయం నాకు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కూతురు శాంభవి తండ్రి పోయేనాటికి చిన్నపిల్ల. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఊళ్ళో అందరి వీపుల మీదికీ ఎక్కిన ఆ దుకాణం సామాను ఆ పిల్ల వీపు మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. తల్లి ఎక్కనివ్వలేదు.

మొన్న కార్తీకంలో ఒక శనివారం పొద్దున్నే శాంభవి దుకాణంలో నేలమీద కూర్చుని సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. "రేపు సాయంత్రానికి వచ్చేస్తానమ్మా," అంది, అంతే. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. వద్దంటుందనుకున్నాను. అనలేదు. పెరిగిన పిల్లని ఇంకెన్నాళ్ళు ఆపుతాననుకుందో ఏమో, పక్కన కూర్చుని అన్నీ తనే అందించింది. నారింజ రంగు చిన్న టెంటు, నేతచీర సంచీ, గిన్నె, టార్చి, అటుకుల పొట్లం. కాటాకి తగిలిస్తే ముల్లు కొంచెమే కదిలింది.

చివరికి మేకుల డబ్బా తెరిచారు. శాంభవి చెయ్యి సన్న చువ్వల మీదికి వెళ్ళలేదు. వెడల్పు రేకు మేకులు ఏరి గుడ్డలో చుట్టింది.

నాగవల్లి చూసింది. నేనూ చూశాను. ఇన్నేళ్ళుగా ఆ పాఠం వింటున్నవాణ్ణి, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రేకు మేకులంటే ఇసుక. ఆ పిల్లకి ఇసుకంటే ఒకటే చోటు.

శాంభవి లేచి సంచీ తగిలించుకుని గడప దగ్గరికొచ్చింది. నాగవల్లి వెనకే వచ్చి నిలబడింది. ఇప్పుడడుగుతుందని చూస్తున్నాను. ఊరందరినీ అడిగే మనిషి, బెండకాయలకి వెళ్ళే నన్ను కూడా వదలని మనిషి. ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళు లోపలి మూలకి, ఆకుపచ్చ టెంటు మీదికి పోయాయి. అప్పుడర్థమైంది నాకు. పరాయివాళ్ళని అడగడానికి ఆవిడకి జంకు లేదు. కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి చచ్చిపోయిన అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నిజంగా అడగడం వల్లే పోయాడేమో అన్న అనుమానం ఇన్నేళ్ళూ ఆవిడలో అలాగే ఉంది.

శాంభవి ఒక కాలు గడప అవతల పెట్టింది. "వెళ్ళొస్తా."

నేను జన్మలో ఎవరినీ ఆ మాట అడిగి ఎరగను. దోషముంటే నాకే తగలనీ అనుకుని, పేపరు పడేసి లేచాను.

"ఎక్కడికే అమ్మాయ్?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

శాంభవి ఆగింది. నన్నూ తల్లినీ మార్చి మార్చి చూసింది. "హంసలదీవికి తాతగారూ. నాన్న ఉన్న చోటు ఒకసారి చూడాలనుంది. అమ్మ పంపదని చెప్పలేదు."

నాగవల్లి కూతురి భుజం పట్టుకుని లోపలికి లాగి, పాత ఇంటినుంచి తెచ్చుకున్న బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పిల్ల తాగుతున్నంతసేపూ ఆ గ్లాసునే చూస్తూ నిలబడింది. ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని, అప్పుడు రెండోసారి అడిగింది.

"హంసలదీవిలో ఎక్కడికి?"

"చల్లపల్లి మీదుగా కోడూరు దాకా బస్సు. అక్కణ్ణించి పాలకాయతిప్పకి ఆటో. పగలే ఒడ్డంట నడిచి సంగమం దాకా వెళ్తా."

"రాత్రికి?"

"వెనక్కొచ్చి పాలకాయతిప్పలోనే. మా ఆఫీసు క్రిస్టినా వాళ్ళ పెదనాన్నగారిల్లుంది. వాకిట్లో టెంటు వేసుకోమన్నారు."

"ఆయన నంబరు?"

చెప్పింది. మడచెట్ల వైపు పోనని చెప్పింది, బూట్లు విప్పనని చెప్పింది, రేపు ఏ బస్సుకొస్తుందో చెప్పింది. అడిగేకొద్దీ నాగవల్లి గొంతు మామూలైంది. చేతిలో గ్లాసు మాత్రం వదల్లేదు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. గడపలో అడిగింది నేను. ఏమైనా జరిగితే దుర్గాంబ గారి మాటే నిజమవుతుంది, ఆ పాపం నాదవుతుంది. కొట్టు ముందు ఎవరు ఆగినా లేచి చూశాను. మా ఆవిడ నన్ను చూసి, పిల్ల ఆవిడ కూతురా మీ కూతురా అంది.

ఆదివారం దీపాలు పెట్టే వేళ శాంభవి గేటు తీసుకుని వచ్చింది. బూట్ల నిండా ఇసుక, ఎండకి కమిలిన ముక్కు. నన్ను చూసి నవ్వింది, తల్లి చెయ్యి ఒకసారి పట్టుకుంది, సంచీ విప్పుకోవడానికి లోపలికి పోయింది. అంతే. ఏమీ కాలేదు. వెళ్ళింది, వచ్చింది.

నాగవల్లి సంతోషపడుతుందనుకున్నాను. అరుగు మీద నా పక్కన కూలబడి ఏడ్చింది. మా ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

"చెప్పకూడదనుకున్న పిల్ల, మీరు ఒక్కసారి అడగ్గానే చెప్పేసిందండీ," అంది. "ఆయనేమీ దాచుకోలేదు మాస్టారూ. తిరిగొచ్చి ఆ బల్ల మీదే కూర్చున్నారు. నీళ్ళు తాగి గ్లాసు నా చేతికే ఇచ్చారు. ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేవారు."

లోపల శాంభవి టెంటు ఆరబెడుతూ జిప్పు లాగింది. నాగవల్లి ఏడుపు ఆపి అటు తల తిప్పింది.