హగరికని బయలుదేరి కురుగోడు దాకా

చలికాలం ఒక శనివారం ఉదయం ఏడింటికి గుంతకల్లులో బళ్ళారి పాసింజరు ఎక్కాం. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను, హాస్టల్ వార్డెన్ని కూడా. వెంట మా విద్యార్థులు, తోటి లెక్చరర్ ఒకాయన. దారిలో ఉన్న హగరి వ్యవసాయ క్షేత్రంలో జొన్న, పత్తి రకాలు చూసి సాయంత్రానికి తిరిగి రావాలనుకున్నాం.

రైల్లో అందరూ ఇడ్లీ పొట్లాలు విప్పారు. రుద్రప్ప ముట్టలేదు. బళ్ళారి దగ్గర కురుగోడు రైతుబిడ్డ, క్లాసులో మొదటివాడు. దసరా సెలవుల నుంచి వచ్చాక వెనకబెంచీకి మారాడు, ఎవరితోనూ మాట్లాడడు.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ, "ఏందప్పా అట్లుండావు? జొరమా?" అంది.

"ఏం ల్యాదవ్వా" అని కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి చేతివాచీ విప్పి, "నువ్వే ఉంచుకో" అని పక్కవాడికిచ్చాడు. చావు తలపెట్టినవాళ్ళు తమ వస్తువులు ఇలాగే ఇచ్చేస్తారని ఎక్కడో చదివింది గుర్తొచ్చింది.

హగరిలో దిగాక, మిగతావాళ్ళు పొలాల్లోకి వెళ్ళగానే అతన్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళాను. ముందు చదువు గురించి, ఊరి గురించి అడిగాను. చివరికి సూటిగానే అడిగాను: "రుద్రప్పా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఇసుకకేసి చూస్తున్నవాడు తలెత్తి నా కళ్ళలోకి చూశాడు.

"మాయమ్మ సచ్చిపాయ సార్. పరీచ్చలుండాయని నాకు చెప్పల్యా. దసరాకి పోతే ఇంట్లో ల్యాదు. పిడికెడు మన్ను గూడా ఎయ్యల్యా నేను. ఈ నడుమ నేనూ పోదామనే అనిపిస్తాండాది."

నేనేమీ బోధించలేదు. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నాను. "మీ ఇంటికి పోదాం, నేనూ వస్తా" అన్నాను. తల ఊపాడు.

మిగతావాళ్ళను లెక్చరరు గారికి అప్పగించి, మేమిద్దరం మధ్యాహ్నం బండికి బళ్ళారి చేరాం. స్టేషను దగ్గర హోటల్లో పెరుగన్నం సగం తిన్నాడు. బస్సు నిండా జనం. "కురుగోడా? హత్తి, హత్తి! ఎక్కండప్పా, ఎనక జాగా ఉండాది" అని కండక్టరు లోపలికి తోశాడు. దారి పొడుగునా కాలువ నీళ్ళు, కొత్త వరిమళ్ళు.

ఇంట్లో అతని ముందే తండ్రికి అంతా చెప్పాను. అరుగు మీద కూర్చున్న ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సదువు పాడైతాదని చెప్పల్యా అయ్యోరూ. మంచే చేస్తాండాననుకొంటి."

తర్వాత లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని, భార్యను మట్టి చేసిన చేనికి తీసుకుపోయాడు. ఇద్దరూ పొద్దుగూకే వేళకు వచ్చారు. రుద్రప్ప వదిన వడ్డిస్తే అతను ఇంకో రొట్టె అడిగి వేయించుకున్నాడు. కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దనీ, బళ్ళారి డాక్టరుకు చూపించమనీ తండ్రికి చెప్పాను.

మర్నాడు బస్సు దాకా వచ్చి, "సంకురాత్రి దాటినాక వస్తా సార్" అన్నాడు.

హగరి చూడదలచినవారికి ఉదయం పాసింజరే అనుకూలం. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళే ఉపాధ్యాయులకు మరొక్క మాట. చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నేనూ భయపడ్డాను. కానీ తిరుగు రైల్లో తలచుకుంటే తోచింది: అన్నాళ్ళకు అతను నా కళ్ళలోకి చూసింది ఆ మాట అడిగిన తర్వాతే.